టైరు గాలి, గన్ను గాలి

మార్చి 3, సోమవారం

స్త్రీల సమాజంలో అందరినీ డైరీ రాయమన్నారు. లెంట్‌లో, అంటే ఈస్టర్ ముందు ఉపవాస రోజుల్లో, మనసులో ఉన్నది దేవునికి రాసుకుంటే భారం దిగుతుందట. దేవునికి ఎలాగూ తెలుసు. తెలిసిందే మళ్ళీ రాసి ఆయన టైమ్ వేస్ట్ చేయడం ఎందుకు. కాబట్టి ఇది ఎవరికీ కాదు.

మనసులో ఏముందో చూద్దామని కూర్చున్నాను. ఏమీ లేదు. ఈలోగా పప్పు మాడింది. వాసన కూడా తెలియలేదు. అత్తమ్మ వచ్చి స్టవ్ ఆపింది.

సరే, జరిగింది రాస్తాను. పొద్దున శాంతి కుమార్ అయ్యగారు మా పెయింటింగ్ షెడ్డుకు వచ్చారు. బోధన్‌లో మా చర్చి పాస్టర్ ఆయన. చర్చి బండికి రంగు వేయాలన్నారు. బండి అంటే ఎవరైనా చనిపోతే ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి సమాధుల తోటకు తీసుకుపోయే వ్యాన్. తుప్పు గీకి, ఈస్టర్‌కల్లా తెల్లగా చేసి ఇస్తానని పాల్ రాజ్ నిరుడే మాటిచ్చాడు. పాల్ రాజ్ నా భర్త. దసరా తర్వాత అదే బండిలో పోయాడు. అయ్యగారు ఆ సంగతి ఎత్తలేదు. నేల చూస్తూ, నువ్వు చేయగలవా అమ్మా అని అడిగారు. ఉప్పు ఇటివ్వు అంటే ఇచ్చినట్టు, చేస్తాను అన్నాను.

మార్చి 4

మోషే బావకు తెలిసిపోయింది. పాల్ రాజ్‌కు అన్న ఆయన. బస్టాండ్ దగ్గర పంక్చర్ షాపు. షెడ్డు ఆయన పేరు మీదే ఉంది. బ్యాటరీలు అమ్మే ఒకాయన దాన్ని కిరాయికి అడుగుతున్నాడు. బావ ఇన్నాళ్ళూ ఏదీ తేల్చలేదు. ఇవాళ తేల్చాడు. బండి పని చక్కగా అయితే షెడ్డు నాకే. కాకపోతే ఈస్టర్ ఆరాధన అయ్యాక ఖాళీ చేయాలి. ఇంటిపట్టున కూర్చుని కుట్టుమిషన్ పెట్టుకోవచ్చు కదా అన్నాడు.

నాకు కుట్టు రాదు. అది ఆయనకూ తెలుసు.

పెళ్ళయిన నాటి నుంచి నేను ఆ షెడ్డులోనే ఉన్నాను. మొదట టేపు అంటించడం, తర్వాత రంగు కలపడం, ఆ తర్వాత రంగు కొట్టే గన్ను పట్టడం. చెరుకు ట్రాలీలు, గేట్లు, ఆటోలు. ఇప్పుడు ఇంట్లో ఉంటే ఏ గదిలో కూర్చోవాలో తెలియడం లేదు. షెడ్డులో తెలుస్తుంది. అదీ పోతే పొద్దున లేచి ఎటు నడవాలో కూడా ఉండదు.

మార్చి 6

రామ్‌దాస్ బండి తెచ్చి పెట్టిపోయాడు. దాని డ్రైవర్ అతనే. తాళం ఇస్తూ నా ముఖం చూడలేదు. ఆ రోజు నడిపిందీ అతనే కదా. ఈమధ్య నాతో మాట్లాడేవాళ్ళందరూ ఏదో ఒకటి చూస్తారు, నన్ను తప్ప.

పొద్దంతా తుప్పు గీకాను. ఈ బండిని చూస్తే ఏదో ఒకటి అనిపిస్తుందని అనుకున్నాను. కుడి తలుపు కింద బాగా తినేసింది, పట్టీ పెట్టాలి అనిపించింది. అంతే.

మార్చి 11, మధ్యాహ్నం 3

ప్రైమర్, అంటే అడుగు రంగు, మొదలుపెట్టాను. ఎడమ తలుపు మీద మొదటి రెండు మూడు వరసలు బాగానే పడ్డాయి. ఆ తర్వాత గన్ను ఉమ్మడం మొదలుపెట్టింది. పొగలా రావలసిన రంగు చుక్కలు చుక్కలుగా పడింది. తడిమితే గరుకు. తుడిచేసి మళ్ళీ కొట్టాను. మొదట బాగుంది, తర్వాత ఉమ్మింది.

గన్నుకు గాలి ఇచ్చే కంప్రెషర్ సంగతి రాయాలి. ఇది పాల్ రాజ్‌ది కాదు. అతనిది పాతది, రెండు సిలిండర్లది, బెల్టు మీద తిరిగేది. ఆన్ చేస్తే వీధి చివరి దాకా దడదడ వినబడేది. క్రిస్మస్ ముందు ఒకసారి, ఊరికే పడి ఉంటే పాడవుతుందని నేను దాన్ని ఆన్ చేశాను. ఆ చప్పుడు విని అత్తమ్మ ఇంట్లోంచి చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చింది. కొడుకు పనిలో ఉంటే అలాగే తెచ్చేది. షట్టర్ దాకా వచ్చాక గుర్తొచ్చింది. అక్కడే కూలబడింది. చాయ్ చీర మీద పడ్డా లేవలేదు.

ఆ వారమే మోషే బావ దాన్ని ఆటోలో వేసుకుని నిజామాబాద్ పోయి, బదులుగా ఇది తెచ్చాడు. కొత్తది. ఎర్రగా ఉంటుంది, సన్నగా గీపెడుతుంది. తన షాపులో ఉన్న రకమే. పాతది వంద పీఎస్ఐ ఒత్తిడి కూడా కొట్టేది కాదు, ఇది నూటఇరవై కొడుతుంది అని సంబరంగా మీటరు చూపించాడు. మంచి మనసుతో చేశాడు. అత్తమ్మ ఆ తర్వాత చప్పుడు విని లేచింది లేదు.

మార్చి 12

ఇవాళా ఉమ్మింది.

మార్చి 14

రంగు పలచన చేసే థిన్నర్ పెంచాను. కారింది. తగ్గించాను. ఉమ్మింది. నాజిల్ విప్పి నానబెట్టి, వెంట్రుకంత మట్టి లేకుండా కడిగాను. కంప్రెషర్ ట్యాంకు అడుగున బిరడా తిప్పి నీళ్ళు వదిలాను. పైపు మార్చాను. చేయవలసినవన్నీ చేశాను, పాల్ రాజ్ ఏ వరసలో చేసేవాడో ఆ వరసలోనే. గన్ను మాత్రం తన పద్ధతి మార్చుకోలేదు.

సాయంత్రం మోషే బావ వచ్చాడు. కాసేపు నిలబడి చూసి, గాలి చాలడం లేదేమో అని తనే నాబ్ తిప్పి ఒత్తిడి పెంచాడు. రంగు పొడిపొడిగా లేచింది. బండి మీద కంటే నా నెత్తి మీద ఎక్కువ పడింది. మీటరు ముల్లు వేలితో తట్టి చూశాడు. దీంతో లారీ టైర్లే నింపుతున్నా, నీ డబ్బా రంగుకు చాలదా అన్నాడు. గన్ను నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి మళ్ళీ ఇచ్చాడు.

“మిషిన్ల ఏం తప్పులేదు ఎస్తర్. శెయ్యి సల్లబడ్డది.”

కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. ఆయన పోయాక నల్లా కింద చెయ్యి పెట్టాను. ఎండాకాలం ట్యాంకు నీళ్ళు కాగుతూ వస్తాయి. చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో చెప్పలేకపోయాను. బావ అన్నది నిజమే కావచ్చు.

మార్చి 16, ఆదివారం

చర్చిలో ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఎంత ధైర్యం అమ్మా నీది అన్నారు. ఏడవని ఆడదాన్ని చూస్తే అలా అంటారు. తిమ్మిరెక్కిన కాలికి సూది గుచ్చినా తెలియదు. దాన్ని ధైర్యం అనరు కదా.

పాల్ రాజ్‌ను జక్రాన్‌పల్లి దగ్గర లారీ గుద్దింది. ఆర్మూర్‌లో ఒక ట్రాక్టర్‌కు వేయవలసిన నీలం రంగు డబ్బాలు బైక్‌కు కట్టుకుని పోతున్నాడు. నేను వెళ్ళేసరికి రోడ్డంతా నీలం. అయ్యో, ఇంత రంగు పోయిందే అనుకున్నాను. నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే. రెండోది ఇంకా రాలేదు.

మార్చి 19, ఉదయం 11

అయ్యగారు ఫోన్ చేశారు. చందూర్‌లో నాగవ్వ చనిపోయింది. చర్చి కన్వెన్షన్ సభలకు వచ్చినప్పుడు ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడే ముసలమ్మ. బండి కావాలి.

బండి ఒక పక్క బూడిద రంగు ప్రైమర్, ఒక పక్క పాత తెలుపు. అద్దాలకు పేపర్లు, టేపులు. పనిలో ఉందని చెప్పవచ్చు. కానీ ఎవరూ చెప్పరు. మా దగ్గర చావుకు బండి అడిగితే లేదనరు. అయ్యగారు కూడా అడగలేదు, కావాలి అని మాత్రమే అన్నారు. టేపులు పీకుతున్నాను. రామ్‌దాస్ బయట బీడీ కాలుస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం 6

తిరిగి వచ్చింది. పచ్చి ప్రైమర్ మీద చందూర్ దారి దుమ్ము అంతా అంటుకుంది. మధ్యమధ్య బంతి రేకులు. గీకితే పోతాయి. మళ్ళీ మొదటి నుంచి.

నాగవ్వ బంధువులు ఏమీ అనలేదట. సమాధి దగ్గర ఎవరో ఆమె మాత్రం, ఈ పని కోడలితో కాదని చెప్పరాదా అని అక్కడికి పోయిన అత్తమ్మను అడిగిందట. అత్తమ్మ ఆ మాట నాకు చెప్పి చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరింది. ఇప్పటి బియ్యంలో రాళ్ళెక్కడివి. నాకు సిగ్గు వేయాలి. నాగవ్వ చివరిసారి ఊరు దాటింది గజ్జి పట్టిన బండిలో, నా చేతి పనితో. సిగ్గు ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉంది, దగ్గరికి రాలేదు.

మార్చి 20

బావ వచ్చాడు. బండిని నిజామాబాద్‌లో రంగు వేసే పెద్ద బూత్ ఉన్నవాళ్ళకు ఇద్దామని అయ్యగారికి చెబుతానన్నాడు. ఆదివారం దాకా ఆగమన్నాను. ఎందుకు ఆగమన్నానో తెలియదు. ఆగుతానన్నాడు.

మార్చి 22, శనివారం, మధ్యాహ్నం 12

నా వల్ల కాదు, షెడ్డు తీసుకోండి అని చెప్పడానికే బావ షాపుకు వెళ్ళాను. నడుస్తూ మాట కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆయన చెరుకు ట్రాక్టర్ టైరుకు గాలి కొడుతున్నాడు. పాత ట్యూబుల మీద కూర్చుని చూశాను. చేయడానికి ఇంకేమీ లేదు కాబట్టి చూశాను. కాసేపు కొట్టాడు. ఆపాడు. మీటరు పెట్టి చూశాడు. డ్రైవర్‌తో ఏదో మాట్లాడాడు. మళ్ళీ కాసేపు కొట్టాడు. ఆపాడు. ఆయన ఆపినప్పుడల్లా వెనక కంప్రెషర్ గీపెడుతూనే ఉంది, ట్యాంకు నింపుకుంటూ. ముల్లు మెల్లగా పైకి పోతోంది. తర్వాత స్కూటర్ వచ్చింది. అదీ అంతే. కాసేపు, ఆపడం. రోజంతా ఆ షాపులో గాలి గొట్టం ఎడతెగకుండా నొక్కి పట్టుకునేవాడే లేడు.

నేను నొక్కి పట్టుకుంటాను. తలుపు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, మళ్ళీ వెనక్కి.

ఏం పని మీద వచ్చావని బావ అడిగాడు. ఊరికే అన్నాను. చాయ్ తెప్పిస్తానంటే వద్దని వచ్చేశాను.

మధ్యాహ్నం 2

గన్నులో రంగు పోయలేదు. ఖాళీ గన్ను నొక్కి పట్టుకుని మీటరు చూస్తూ నిలబడ్డాను. ముల్లు దిగుతూ పోయింది. మోటారు గీపెడుతూనే ఉంది, అయినా దిగుతూనే ఉంది. మోటారు ఎంత కష్టపడినా గన్ను తాగేది దాటలేకపోతోంది. గన్ను వదిలేశాను. ముల్లు మెల్లగా లేచింది. మళ్ళీ పట్టాను. మళ్ళీ దిగింది. ఎన్నిసార్లు చేశానో తెలియదు.

గన్ను డబ్బాలో ఇంగ్లిష్ కాగితం ఉంది. కూడబలుక్కుని చదివాను. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అనే లెక్కను సీఎఫ్ఎం అంటారు. ఈ గన్నుకు పన్నెండు కావాలి. కంప్రెషర్ మీది ప్లేటు తుడిచి చూశాను. ఏడు అని ఉంది. అదీ సిలిండర్ లోపలికి పీల్చే లెక్క. బయటికి నిజంగా వచ్చేది ఐదు ఉంటే గొప్ప.

టైరు మూసిన సంచి. నిండితే చాలు, గాలి గట్టిగా ఉంటే చాలు. గన్ను మూత లేనిది. నొక్కినంతసేపూ గాలి పోతూనే ఉంటుంది. దానికి కావలసింది గట్టి గాలి కాదు, ఎక్కువ గాలి. బావ జన్మంతా టైర్లే నింపాడు. ఆయనకు మంచి కంప్రెషర్ అంటే ముల్లు పైకి పోయేదే. పాతది వంద కొట్టకపోయినా ఊపిరి ఉన్నది.

కాబట్టి నా చెయ్యి కాదు. ఇది తెలిశాక సంతోషం రావాలి. రాలేదు. కిందనే కూర్చుండిపోయాను, అంతే.

మార్చి 24

నిజామాబాద్ షాపుకు ఫోన్ చేసి పాత కంప్రెషర్ ఉందా అని అడిగాను. విప్పి స్పేర్లుగా అమ్మేశారట.

మరి అంత గాలి ఇచ్చేది ఇంకొకటి తేవచ్చు. ఎంత పెద్దది తెస్తే అంత దడదడ. అత్తమ్మ మళ్ళీ గ్లాసు పట్టుకుని పరిగెత్తుతుంది. కళ్ళారా ఒకసారి చూశాను, చాలు. బావకు చెప్పాలన్నా నోరు రావడం లేదు. తల్లి కోసమని చేసిన పనే ఇంత పనీ చెడగొట్టిందని ఎలా చెప్పను. నిన్న ఆయన అడగడానికి వచ్చాడు. ఇంకా కొన్ని రోజులు ఆగమన్నాను. ఈసారి ఎందుకో తెలుసు.

గాలి పెంచలేను. గన్నునే తగ్గించాలి.

మార్చి 26

బస్సులో నిజామాబాద్ వెళ్ళాను. షాపతను ముందు ఐదు హెచ్‌పీ కంప్రెషర్ చూపించాడు, తర్వాత దానికంటే పెద్దది. నేను ప్రతి గన్ను డబ్బా తిప్పి వెనక చూస్తూ, ఇది ఎంత గాలి తాగుతుంది అని అడిగాను. పీఎస్ఐ చెబుతాడు. అది కాదు, గాలి ఎంత అంటాను. చివరికి విసిగిపోయి డబ్బాలన్నీ నా ముందే పెట్టి చాయ్‌కి పోయాడు. కౌంటర్‌లో ఉన్న పెద్దాయన రంజాన్ రోజా ఉన్నాడు, లేవలేదు, నవ్వుతూ చూశాడు.

నాలుగు సీఎఫ్ఎం చాలునన్న చిన్న గన్ను దొరికింది. నా కంప్రెషర్ ఇచ్చేది ఐదు. ఒకటి మిగులుతుంది. మిగలాలి, లేకపోతే మోటారుకు ఊపిరి తీసుకునే తీరికే ఉండదు. చాయ్ తాగి వచ్చినతను అది చూసి, మేడమ్ ఇది గీతలు పడ్డచోట టచప్ చేసేది, దీంతో వ్యాన్ అంతా కొడతారా, క్రిస్మస్ వచ్చేస్తుంది అన్నాడు. ఈస్టర్‌కే ఇవ్వాలన్నాను.

మార్చి 28

పాత రేకు మీద కొట్టి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరికి, వెనక్కి, మళ్ళీ. ఉమ్మలేదు. మధ్యలో కంప్రెషర్ తనంతట తనే ఆగింది. ట్యాంకు నిండిందన్నమాట. నేను రంగు వేస్తుండగా అది ఆగడం ఇదే మొదలు. అంత నిశ్శబ్దంలో గన్ను బుస ఒక్కటే వినబడింది.

మార్చి 30, ఆదివారం

పక్కింటివాళ్ళు ఉగాది పచ్చడి పంపారు. పులుపు తెలిసింది.

ఏప్రిల్ 4

చిన్న గన్నులోంచి రంగు చిన్న విసనకర్రంత వెడల్పే పడుతుంది. పెద్ద రేకు మీద చారలు పడతాయి. ముందు వరస ఆరకముందే పక్క వరస పడాలి. ఈ ఎండకు రంగు పడీ పడకముందే ఆరిపోతోంది. మెల్లగా ఆరే థిన్నర్ కలిపి, పొద్దున్నే నేల తడిపి మొదలుపెడుతున్నాను. ఒక రోజుకు ఒక భాగం. తలుపు ఒక రోజు. వెనక పక్కరేకు ఒక రోజు. రేకు ఎక్కడ ముగిసి అతుకు వస్తుందో అక్కడే ఆపుతాను, మధ్యలో ఎప్పుడూ ఆపను.

పని అవగానే ఇంటికి పోయి పడుకుంటున్నాను. నిద్ర వస్తోంది.

ఏప్రిల్ 9, సాయంత్రం

బావ వచ్చాడు. ఎడమ పక్క అంతా అయింది. మీద చెయ్యి వేసి నిమిరాడు. వంగి అందులో తన ముఖం చూసుకున్నాడు. మరి అప్పుడేమయింది అన్నాడు.

చెప్పక తప్పలేదు. టైరు సంగతి, గన్ను సంగతి చెప్పాను. ఖాళీ గన్ను పట్టి ముల్లు దిగడం చూపించాను. ఆయన మీటరు నుంచి కళ్ళు తిప్పలేదు. నేనే ఖరాబు చేశానన్నమాట అన్నాడు. కాదు అనవలసింది. అత్తమ్మ కోసం చేశావు బావా అనవలసింది. ఆ మాట నాలిక చివరన ఉంది. కానీ నాకు కోపం వచ్చింది. ఎన్నాళ్ళకో వచ్చింది. చెవుల దాకా వేడిగా వచ్చింది.

“శెయ్యి సల్లబడ్డదంటివి కద బావా. నా శెయ్యి మంచిగనే ఉన్నది.”

గట్టిగానే అన్నట్టున్నాను. పక్క వెల్డింగ్ షాపులో వాళ్ళు తిరిగి చూశారు. ఆయన తన బైక్ స్టార్ట్ చేసుకుని పోయాడు. ఇక ఇవాళ్టికి గన్ను ముట్టలేదు.

ఏప్రిల్ 11

బ్యాటరీల ఆయన వచ్చి షట్టర్ కొలతలు తీసుకుపోయాడు. లోపలికి రావచ్చా అని మర్యాదగా అడిగాడు. ర్యాకులు ఎక్కడ పెట్టాలో తనలో తను చెప్పుకున్నాడు. బావ పంపాడా అని అడగలేదు. అలా మాట్లాడినందుకే అనుకున్నాను. షెడ్డు పోతుందంటే మార్చిలో నాకు ఏమీ అనిపించలేదు. ఇవాళ భయం వేసింది.

ఏప్రిల్ 13, ఆదివారం

మట్టల ఆదివారం. మట్టలు పట్టుకుని చర్చి ఊరేగింపు. బావ నాకు ముందు నడిచాడు. వెనక్కి చూడలేదు.

ఏప్రిల్ 16

బయట అంతా అయింది. తెలుపు. ఎక్కడా చార లేదు. కుడి తలుపు కింద పట్టీ పెట్టిన చోటు నాకు కూడా వెతికితే గాని దొరకలేదు.

ఏప్రిల్ 17, గురువారం

రామ్‌దాస్ చూడటానికి వచ్చాడు. ఈసారి ముఖం చూసి మాట్లాడాడు. చుట్టూ తిరిగి, వెనక తలుపు తెరిచి స్ట్రెచర్ పట్టాలు సరిగ్గా ఉన్నాయా అని చూసుకున్నాడు. నేనూ తొంగి చూశాను. ఇన్ని రోజులు పనంతా బయటే. లోపల పైకప్పు చూడనే లేదు. తుప్పు పెచ్చులుగా లేచి వేలాడుతోంది. చర్చి కమిటీ రంగు వేయమన్నది బయటికే. లోపల ఎవరు చూస్తారమ్మా, ఇక ఇచ్చెయ్ అన్నాడు.

అతను పోయాక లోపలికి ఎక్కి వెల్లకిలా పడుకున్నాను. లోపల పడుకున్నవాళ్ళకు ఇదొక్కటే కనబడుతుంది. కళ్ళు మూసి ఉంటాయి, నాకు తెలుసు. అయినా.

పాల్ రాజ్ ముఖానికి మూరెడు దూరంలో ఈ తుప్పు ఉంది. రెండో ఆలోచన ఇదే అనుకుంటాను. చాలాసేపు ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏమీ కాదు. బాగా చప్పుడయింది.

పడుకునే గీకడం మొదలుపెట్టాను.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

పని లేదు. మూడు గంటల ఆరాధన. కంట్లో తుప్పు పడి ఎర్రగా ఉంది. అందరూ భక్తి అనుకున్నారు.

ఏప్రిల్ 19, శనివారం

తెల్లవారగానే ప్రైమర్, మధ్యాహ్నం తెలుపు. పైకి కొట్టాలంటే గన్ను మీది రంగు గిన్నె సగానికి మించి నింపకూడదు, మూతలోంచి కారుతుంది. పెద్ద గన్ను అయితే ఆ ఇరుకులో తిరిగేది కాదు. వెల్లకిలా పడుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, తల వైపు నుంచి కాళ్ళ వైపుకు కొట్టుకుంటూ వచ్చాను. కంప్రెషర్ రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. నేనూ ఆగాను.

బయటికి జారి వస్తే షట్టర్ దగ్గర అత్తమ్మ నిలబడి ఉంది. చేతిలో చాయ్ గ్లాసు. మళ్ళీ మరిచిపోయిందేమో అనుకున్నాను. కాదు. నాకే తెచ్చింది. నెత్తి మీది తెలుపు చూసి, నాకంటే ముందే ముసలిదానివైనవు పో అని కొంగుతో తుడిచింది. కూర్చుని, రేపటితో ఈ షెడ్డు మోషే తీసుకుంటాడట గదా అంది. అవునేమో అన్నాను. చాయ్‌లో చక్కెర ఎక్కువైంది. అంతా తాగాను.

ఏప్రిల్ 20, ఈస్టర్, తెల్లవారుజాము

సమాధుల తోటలో ఉదయపు ఆరాధన. రామ్‌దాస్ వచ్చి బండి తీసుకుపోవాలి. అంతకుముందే అత్తమ్మ తెల్లచీర కట్టుకుని షెడ్డుకు వచ్చింది. లోపల కూడా వేశావు కదా, చూస్తానంది. మోకాళ్ళ నొప్పులతో ఎక్కలేకపోతే నడుం పట్టి ఎక్కించాను. పడుకుంది. పక్కనే నేనూ పడుకున్నాను.

“నా కొడుకు గిదే సూసుకుంట పోయిండా?”

“లేదత్తమ్మా. అప్పుడు తుప్పుండె.”

చాలాసేపు పైకి చూసింది. చెయ్యి ఎత్తి ముట్టబోయింది, పచ్చి ఉందేమోనని ఆగింది. ఆరిపోయింది, ముట్టు అన్నాను. ముట్టింది.

బయట బైక్ ఆగిన చప్పుడు. మోషే బావ, తల్లిని తీసుకుపోవడానికి వచ్చాడు. వెనక తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి కాళ్ళు చూశాడు. చెప్పులు విప్పాడు.

“కొంచెం జరుగుండ్రి,” అన్నాడు.

జరిగాం. పైకప్పు చూస్తూనే, బ్యాటరీల ఆయనను వేరే షెడ్డు చూసుకోమన్నానని చెప్పాడు.